రాగి గంగాళం దగ్గర మా అమ్మ

మొన్న ఆఫీస్ నుంచి వచ్చేసరికి మా గుమ్మం ముందు ఒక పార్సెల్ ఉంది. టెక్సస్‌లో మా ఫ్రిస్కోలో అక్టోబర్ అంటే పేరుకే అక్టోబర్. ఏసీ ఇంకా ఆగలేదు, చెట్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. పెట్టె మీద అమ్మ చేతిరాత. అమ్మ ప్యాక్ చేసిందంటే దొంగలు కూడా విసుగొచ్చి వదిలేసి పోవాలి; టేపు విప్పడానికే పావుగంట పట్టింది. లోపల రెండు పాత చున్నీలు, వాటి మధ్య న్యూస్‌పేపర్లు, వాటి మధ్య ఒక సీసా, సీసాలో ముదురు గోధుమరంగు ముద్ద. మూత మీద తెలుగులో ‘ఆఖరిది’ అని రాసి ఉంది.

మూత తీశాను. దాల్చినచెక్క, లవంగం, కట్టెల పొగ, వాటన్నిటి కింద రవ్వంత మాడు వాసన. కిచెన్‌లో నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే మిషిగన్ వెళ్ళిపోయాను. నాకు పదేళ్ళప్పటి మా గుడి వెనక పెరట్లోకి వెళ్ళిపోయాను.

గుడి అంటే చర్చి. గుంటూరు వైపు మా అమ్మ పుట్టింట్లో చర్చిని గుడి అనే అంటారు. వాళ్ళు తాతల నాటి నుంచి లూథరన్ క్రైస్తవులు. నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరుగా డిట్రాయిట్ శివార్లకి వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్‌కి ఎదురుగా, రోడ్డు దాటితే వచ్చేది ఒక పాత ప్రెస్బిటేరియన్ చర్చి. తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక నెలకొకసారి ఎవరో ఒకరి ఇంట్లో జరిగేది, అదీ నలభై మైళ్ళ దూరంలో. గుమ్మం ఎదురుగా దేవుణ్ణి పెట్టుకుని హైవే ఎక్కడం ఎందుకని నాన్న తేల్చేశాడు.

మొదటి ఆదివారం అమ్మ గుడి మెట్ల మీద చెప్పులు విడిచింది. ఆవిణ్ణి చూసి నాన్న బూట్లు విప్పాడు, నాన్నని చూసి నేనూ విప్పాను. గుమ్మం దగ్గర నిలబడే ముసలాయన ఆ మూడు జతలూ చూసి, పాపం మర్చిపోయారనుకున్నాడు కాబోలు, చేత్తో పట్టుకుని లోపలికి తెచ్చి మా బెంచీ కింద పెట్టి వెళ్ళాడు. ప్రార్థన అయ్యేదాకా అమ్మ ఆ చెప్పుల వంక చూడలేక, చూడకుండా ఉండలేక అవస్థ పడింది. నాన్న భుజాలు కదిలిపోయేలా నవ్వు ఆపుకున్నాడు.

రెండేళ్ళు మాది ఆఖరి బెంచీయే. అమ్మ నెత్తి మీద కొంగు కప్పుకుని కూర్చునేది. పాస్టర్‌ని అయ్యగారూ అనేది. ఆయనకి ముప్పయ్యేళ్ళు ఉండవు, జీన్స్ ప్యాంటు వేసుకుంటాడు, పేరు పెట్టి పిలవండని ఆయనే బతిమాలాడు. అయ్యగారిని పేరు పెట్టి పిలవడం అమ్మకి ప్రాణం పోయినా చేతకాని పని. ఆడవాళ్ళు వచ్చి ఎలా ఉన్నారని అడిగేవారు, అమ్మ బాగున్నానని చెప్పేది, అక్కడితో మాటలు అయిపోయేవి. అమ్మ బీఎస్సీ చదివింది, ఇంగ్లీషు పేపర్ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివేది. ఎదుటివాళ్ళు గబగబా మాట్లాడేసరికి మాత్రం నోరు పెగిలేది కాదు. అప్పుడు నా వంక చూసేది, నేను అందుకునేదాన్ని.

ఆ పని నాకు నామోషీగా ఉండేది. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అబద్ధం ఆడను. రోడ్డు దాటగానే అమ్మకి పది అడుగులు ముందు నడిచేదాన్ని. సండే స్కూల్ పిల్లలు ఎవరైనా మీ మమ్మీ ఏదీ అని అడిగితే గడ్డంతో ఆ వైపు చూపించి మాట మార్చేదాన్ని. అమ్మకి ఇవేమీ తెలియవని నా నమ్మకం.

ఆకులు రంగు తిరిగేసరికి ఆ గుడికి ఎక్కడలేని హుషారు వచ్చేది. మెట్లకి అటూ ఇటూ గుమ్మడికాయలు పేర్చేవారు. కోయిర్ వాళ్ళ గౌన్లు బీరువాల్లోంచి బయటికొచ్చేవి, ఆ ఆదివారం పాటలన్నీ కలరా ఉండల వాసన వేసేవి. మేం పిల్లలం ఒంటరిగా ఉండే మామ్మల ఇళ్ళకి వెళ్ళి వాకిట్లో ఆకులు ఊడ్చేవాళ్ళం. ఊడ్చి కుప్ప చేయడం, కుప్పలోకి దూకడం, మళ్ళీ ఊడ్చడం. ఒక మామ్మ కిటికీలోంచి మా తెలివి చూసి తల పట్టుకుని, అయినా పిండిన యాపిల్ రసం, సైడర్ అంటారు, వేడి వేడిగా కప్పుల్లో పోసి ఇచ్చేది. చేతులు కాలుతున్నా ఎవరూ కప్పు కింద పెట్టేవాళ్ళు కాదు.

అన్నిటికన్నా పెద్ద పండగ యాపిల్ బటర్ శనివారం. పేరులో బటర్ ఉంది కానీ అందులో వెన్న చుక్క కూడా ఉండదు. గుడి వెనక కట్టెల పొయ్యి మీద పెద్ద రాగి గంగాళం ఎక్కించి, సైడర్ మరగబెట్టి, తొక్క తీసిన యాపిల్ ముక్కలు అందులో పోసి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిప్పుతూనే ఉండాలి. మన తాండ్రకి రసం ఉడికినట్టే ఉంటుంది. తిప్పడానికి మనిషంత పొడుగు కర్ర తెడ్డు. తిప్పడం ఒక్క నిమిషం ఆగినా అడుగంటుతుంది, అడుగంటితే గంగాళం మొత్తం పారబోసుకోవాల్సిందే. అందుకని తెడ్డు ఇరవై నిమిషాలకొకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి, ఆగకుండా, తిరుగుతూనే మారుతుంది.

దీనికంతటికీ అధికారి ఒక ఎనభయ్యేళ్ళ మామ్మ. పొడగరి, చనిపోయిన మొగుడి గళ్ళ చొక్కా వేసుకుని, ఆయన టోపీ పెట్టుకుని తిరిగేది. తెడ్డు ఎవరికివ్వాలో, ఎవరికివ్వకూడదో ఆవిడే చెప్పాలి. పాస్టర్ కూడా ఆవిణ్ణి అడిగే పుల్ల ఎగదోసేవాడు. అమ్మ ఇంట్లో ఆవిడకి గంగాళం మామ్మ అని పేరు పెట్టింది.

శుక్రవారం సాయంత్రం బేస్‌మెంట్ హాల్లో అందరూ కూర్చుని యాపిల్స్ తొక్క తీసేవారు. మొదటి ఏడాది మేం వెళ్ళలేదు. రెండో ఏడాది గంగాళం మామ్మ ఆదివారం మా బెంచీ దగ్గరకొచ్చి, ఎవరి చాకు వాళ్ళు తెచ్చుకోవాలని ఒక్క మాట చెప్పి వెళ్ళింది. పిలుపు వచ్చిందని అమ్మ వారమంతా ఆ మాటే చెప్పుకుంది. శుక్రవారం మంచి చీర కట్టింది, పాత దుప్పట్లో ఏదో చుట్టి పట్టుకుంది. ఏమిటని నేను అడగలేదు. అడిగి ఉంటే గుమ్మంలోనే ఆపేసేదాన్ని.

హాల్లో ముప్పైమంది దాకా ఆడవాళ్ళు ఫోల్డింగ్ కుర్చీల్లో గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మోకాళ్ళ నొప్పులు, మూతబడుతున్న ఫ్యాక్టరీ, ఆర్మీలో చేరిన మనవడు, ఇలా మాటలు నడుస్తున్నాయి. అమ్మ నేల మీద న్యూస్‌పేపర్లు పరిచింది. దుప్పటి విప్పి కత్తిపీట తీసింది. గుంటూరు నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న కత్తిపీట. దాని మీద కాలు వేసి కూర్చుని, రెండు చేతులతో యాపిల్ పట్టుకుని తిప్పితే తొక్క ఒక్క రిబ్బన్‌లాగా ఊడి వచ్చింది. రెండోది. మూడోది. కుర్చీల్లో మాటలు ఆగిపోయాయి. ఒకావిడ లేచి వచ్చి దగ్గరగా చూసింది. మా సండే స్కూల్ అమ్మాయిలు ఇద్దరు ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు ఏదో చెప్పుకున్నారు.

నేను వెళ్ళి అమ్మ పక్కన వంగి, పళ్ళ బిగువున అన్నాను:

“అమ్మా, కింద కూర్చోకు. ప్లీజ్. ఎవ్రీబడీ చూస్తున్నారు.”

అమ్మ తలెత్తి నా మొహం చూసింది. కత్తిపీట దుప్పట్లో చుట్టేసి, కుర్చీలో కూర్చుని, ఎవరో ఇచ్చిన పీలర్‌తో మొదలుపెట్టింది. ఆ పీలర్ అమ్మకి అలవాటు లేదు. తొక్కతో పాటు సగం పండు పోయేది. పక్కావిడ నాలుగు తీసేలోపు అమ్మ ఒకటి తీసేది. పిలుపు వచ్చిందని వారమంతా మురిసిన మనిషి తల దించుకుని, ఎంత పండు పాడవుతోందో చూసుకుంటూ తొక్క తీసింది. ఇంటికి వచ్చేటప్పుడు అమ్మే నాకు పది అడుగులు వెనక నడిచింది.

మర్నాడు రాదేమో అనుకున్నాను. నాన్నకి శనివారం కూడా ఆఫీస్ పని పడింది, మమ్మల్ని రోడ్డు దాటించి వెళ్ళాడు. అమ్మ పాత నేత చీర, దాని మీద నాన్న స్వెటర్, తల చుట్టూ చున్నీ. పెరట్లో మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. గంగాళం కుతకుతమంటోంది. అమ్మ ఒక పక్కకి నిలబడింది, ఎవరికీ అడ్డం రాకుండా.

పది గంటలప్పుడు తెడ్డు గంగాళం మామ్మ చేతిలో ఉంది. ఆవిడ చుట్టూ చూసింది. దగ్గర్లో ఎవరూ లేరు, అమ్మ తప్ప. ఆవిడ తలతో పిలిచి, అమ్మ చేతుల్ని తెడ్డు మీద పెట్టి, అంచు చుట్టూ రెండుసార్లు, మధ్యలోంచి ఒకసారి ఎలా తిప్పాలో తన చేతులు పైన వేసి చూపించింది. ఆపొద్దని చెప్పింది. చెప్పి సీసాలు చూడ్డానికి బేస్‌మెంట్‌లోకి వెళ్ళింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. అమ్మ పెరిగిన చోట కోత పండగ భోజనాలకి గుడి ఆవరణలో పెద్ద డేగిసాలు ఎక్కిస్తారు. పెద్దవాళ్ళు ఒకరి చేతిలో గరిటె పెట్టారంటే అది పరిచర్య, దేవుడి పని. పెట్టినవాళ్ళు వచ్చి తీసుకునేదాకా దింపరు, ఇంకొకరికి అప్పజెప్పరు. ఇక్కడి పద్ధతి వేరు. అలిసినవాళ్ళు ఎవరన్నా పట్టుకోండని పిలవాలి. పిలవలేదంటే ఇంకా ఓపిక ఉందన్నమాట. మామ్మ వచ్చి తీసుకోవాలని అమ్మ ఎదురుచూసింది, వాళ్ళు అమ్మ పిలవాలని ఎదురుచూశారు. అంతా మర్యాదే.

భోజనం సంగతీ అంతే అయింది. ఒకావిడ శాండ్‌విచ్ తెచ్చి తింటారా అని అడిగింది. అమ్మ వద్దంది. మన ఇళ్ళల్లో మూడోసారి అడిగితేగానీ ఎవరూ అవుననరు. ఆవిడ ఒక్కసారే అడిగి, సరేనని తీసుకెళ్ళిపోయింది.

నాకు ఇవేవీ పట్టలేదు. మేం గుడి గంట తాడు ఎవరు ఎక్కువసేపు ముట్టుకుని ఉండగలరో పందెం వేసుకుని ముసలాయనకి దొరికిపోయాం, యాపిల్ తొక్కలు ఒకళ్ళ కాలర్లో ఒకళ్ళం వేసుకున్నాం. ట్రాక్టర్ వెనక గడ్డిమోపుల బండి తయారుగా ఉంది, అది ఎక్కితే పొలాల వెంట గంటసేపు తిరిగిరావచ్చు. నోట్లో డోనట్ కుక్కుకుని పరుగెడుతుంటే గంగాళం మామ్మ నా భుజం పట్టుకుని ఆపింది. అమ్మ మాకు నాలుగు అడుగుల దూరంలో, పొగలో, వీపు మా వైపు పెట్టి తిప్పుతోంది.

“హనీ, ఆవిడ మీ అమ్మే కదూ? చాలాసేపటి నుంచి తిప్పుతోంది. రెస్ట్ కావాలేమో అడుగు.”

అడగాలంటే ఆగాలి. ఆగితే బండి వెళ్ళిపోతుంది. పైగా ఆవిడ అమ్మని చూస్తున్న చూపు నిన్న హాల్లో ఆడవాళ్ళు చూసిన చూపులా లేదు. మొదటిసారిగా ఎవరో మా అమ్మని చూసి మెచ్చుకుంటున్నారని నాకు అర్థమైంది. రెండూ కలిసి నా నోటి వెంట వచ్చేశాయి.

“అవును, మా అమ్మే. మా అమ్మకి ఇది చాలా ఇష్టం. మా అమ్మ అస్సలు అలిసిపోదు.”

ఇంగ్లీషులో, గట్టిగా, అందరికీ వినిపించేలా అన్నాను. మామ్మ తల ఊపింది. ఆవిణ్ణి అలా ఉండనివ్వండి, ఎవరూ తెడ్డు అడక్కండి అని చుట్టూ ఉన్నవాళ్ళకి చెప్పింది. నేను బండి ఎక్కేశాను.

ఆ బండి, ఆ గడ్డి, కళ్ళల్లో నీళ్ళు తిరిగే ఆ చలిగాలి, రోడ్డుకి రెండు వైపులా ఎర్రగా మండుతున్న మేపుల్ చెట్లు. అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ సంతోషం అంచున అమ్మ వీపు కనిపిస్తుంది.

రెండు గంటలకి దాల్చినచెక్క పొడీ లవంగాల పొడీ తెచ్చారు. గంగాళం మామ్మ రుచి చూసి, ఇక నేను చూసుకుంటానని చేయి చాచింది. అమ్మ తెడ్డు ఇచ్చింది. ఇవ్వడానికి వేళ్ళు విడిపించుకోవాల్సి వచ్చింది. కర్ర పిడి మీద తడి చూసి మామ్మ అమ్మ చేయి పట్టుకుని తిప్పింది. రెండు అరచేతులూ బొబ్బలెక్కి చిట్లిపోయి ఉన్నాయి.

నేను అప్పుడే గడ్డి దులుపుకుంటూ వచ్చాను. మామ్మ నా వంక ఒక్కసారి చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేదు. తెడ్డు పాస్టర్‌కిచ్చి, అమ్మ భుజం చుట్టూ చేయి వేసి లోపలికి తీసుకెళ్ళింది. వంటగదిలో చల్లటి నీళ్ళు, ఆయింట్‌మెంటు, గుడ్డలు. ఎందుకు పిలవలేదని మామ్మ అడిగింది. మీరు ఇచ్చారు కదా, మీరు తీసుకుంటారని చూశానంది అమ్మ. ఒక్కొక్క ముక్కా ఏరుకుంటూ, తనే, ఇంగ్లీషులోనే చెప్పింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. నా వంక చూడలేదు.

మర్నాడు ఆరాధనలో సమాధానం, అంటే శాంతి కలగాలని, చెప్పుకునే సమయం వచ్చింది. అందరూ లేచి ఒకళ్ళకొకళ్ళు చేతులు కలుపుతారు. అమ్మ రెండు చేతులకీ కట్లు. గంగాళం మామ్మ ముందు బెంచీలోంచి లేచి, చేతికర్ర పొడుచుకుంటూ, ఆ పొడుగాటి నడవ అంతా నడిచి మా దగ్గరకి వచ్చింది. కర్ర నా చేతికిచ్చి, రెండేళ్ళుగా అమ్మ దూరం నుంచి పెట్టే దణ్ణం చూస్తూనే ఉంది కాబోలు, అలాగే చేతులు జోడించింది. వెనకాలే ఇంకొకరు, వాళ్ళ వెనకాల ఇంకొకరు. అమ్మ కళ్ళు తుడుచుకోవడానికి చేతులు పనికిరాక నా భుజానికి మొహం ఆన్చింది. కదలకుండా నిలబడ్డాను. ఆ రోజు నేను అబద్ధం చెప్పానని అందరిముందూ చెప్పేయాలనిపించింది. చెప్పలేదు.

తర్వాతి ఏడాది నుంచి ఆ శుక్రవారాలకి అమ్మ కత్తిపీటతోనే రావాలని కబురు వచ్చేది. తొక్క తెగకుండా తీయడం నేర్చుకుంటామని నలుగురు మామ్మలు మోకాళ్ళ నొప్పులతో నేల మీద కూర్చునేవారు, లేవడానికి ఇంకో నలుగురు కావాల్సి వచ్చేది. మేం ముందు నుంచి మూడో బెంచీకి చేరాం. గంగాళం మామ్మ చేతులు వణకడం మొదలయ్యాక తెడ్డు అధికారం అమ్మకి వచ్చింది. మామ్మ పోయినప్పుడు ఆ గళ్ళ చొక్కా కూడా అమ్మకే వచ్చింది. నేను చదువుకి వెళ్ళాను, ఉద్యోగానికి టెక్సస్ వచ్చాను. ఒక్కొక్క ఏడాదీ బెంచీలు ఖాళీ అవుతూ వచ్చాయి. ఈ అక్టోబర్‌తో గుడి మూసేస్తున్నారని అమ్మ చెప్పినప్పుడు నేను మీటింగ్‌లో ఉన్నాను, అయ్యో అని, మళ్ళీ చేస్తానని పెట్టేశాను.

సీసాలో వేలు పెట్టి నాకి, అమ్మకి ఫోన్ చేశాను.

“అందిందా? కొంచెం అడుగంటింది,” అంది అమ్మ. “ఆఖర్న ఒక్క నిమిషం చేయి ఆగిపోయింది. గుడి వైపు చూస్తూ ఉండిపోయాను.”

తినేవాళ్ళు ఆరుగురే మిగిలారట, సీసాలు పంచుకున్నారట, తెడ్డు అమ్మకే ఇచ్చేశారట. కిచెన్ తలుపు వెనక నిలబెట్టిందట. అన్నీ చెప్పనిచ్చి, ఇన్నేళ్ళుగా లోపల ఉన్నది బయటపెట్టాను. ఆ రోజు నీకు రెస్ట్ కావాలేమో అడగమని గంగాళం మామ్మ నాతో చెప్పింది అమ్మా, నేనే అడగలేదు, బండి వెళ్ళిపోతుందని నీకు ఇష్టమని చెప్పేశాను, నీ చేతులు అలా అయింది నా వల్లే అన్నాను. నా గొంతు నాకే పదేళ్ళ పిల్లదానిలా వినిపించింది.

అమ్మ చిన్నగా నవ్వింది.

“నాలుగడుగుల దూరంలో ఉన్నానే, వినపడదా? ఆ మాత్రం ఇంగ్లీషు నాకు అప్పుడూ వచ్చు. అప్పటికే చేతులు మండిపోతున్నాయి, పద్ధతి లేదు పాడు లేదు, ఎవరికో ఒకరికి ఇచ్చేద్దామనే అనుకుంటున్నాను. ఇంతలో నువ్వొచ్చి మా అమ్మ, మా అమ్మ అని మూడుసార్లు అన్నావు. రెండేళ్ళలో ఆ గుళ్ళో నీ నోట ఆ మాట వినడం అదే మొదలు.”

సీసా మూత మీద అమ్మ చేతిరాతని వేలితో తడిమాను.

“ఇంక తెడ్డు ఎలా దింపుతాను?” అంది అమ్మ.